గుడ్డ మాస్కు: కుట్టే తీరు, కాపాడే తీరు

ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మన పల్లెలకు కొత్త కాదు. వడ్లు తూర్పారబట్టేవారు, మిరపకాయలు దంచేవారు, పత్తి ఏరేవారు తువ్వాలనో, పైట కొంగునో ముక్కుకు అడ్డం పెట్టుకోవడం ఎప్పటినుండో ఉన్నదే. కాని ఆ గుడ్డకు 'మాస్కు' అని పేరు వచ్చి, అది ఇంటింటా తప్పనిసరి వస్తువు అయింది మాత్రం 2020లో.

ఆ ఏడాది మార్చి 2న తెలంగాణలో తొలి కోవిడ్ కేసు బయటపడింది. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. మందుల షాపుల్లో మాస్కులు దొరకలేదు. దొరికినవి ఆస్పత్రి సిబ్బందికే చాలలేదు. అందువల్ల ఏప్రిల్ మొదటి వారంలో కేంద్ర ఆరోగ్య శాఖ, సామాన్య ప్రజలు ఇంట్లో కుట్టుకున్న గుడ్డ మాస్కులు వాడవచ్చునని సలహా ఇచ్చింది. ఆ నెలలోనే తెలంగాణలో మాస్కు తప్పనిసరి అయింది. మే నెలలో మాస్కు లేనివారికి 1000 రూపాయల జరిమానా పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి 3 చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని ప్రభుత్వం తలపెట్టి, కుట్టే పనిని మహిళా సంఘాలకు అప్పగించింది.

పోచంపల్లిలో పరిస్థితి మరీ ప్రత్యేకం. మగ్గాలు ఆగిపోయాయి. నేసిన బట్ట అమ్ముడుపోక ఇళ్ళలో పేరుకుపోయింది. చీరలు కొనేవారు లేరు, మాస్కులు కావలసినవారు మాత్రం ఊరూరా ఉన్నారు. అప్పుడే ఇక్కత్ బట్టతో కుట్టిన మాస్కులు అమ్మకానికి వచ్చాయి. చీరకు పనికిరాని ముక్క కూడా మూతికి పనికివచ్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అత్యవసర స్థితి ముగిసిందని ప్రకటించింది. జరిమానాల కాలం పోయింది. కాని దగ్గు, జలుబు, క్షయ, పత్తి దుమ్ము, రంగుల ఘాటు, పురుగుమందు ఇవేవీ పోలేదు. నేత పనివారు, రైతులు ఇప్పటికీ దవాఖానకు వచ్చి అడిగే ప్రశ్న ఒకటుంది: "సారూ, మా ఇంట్ల బట్ట ముక్కలు శాన ఉన్నయి. మాస్కు కుట్టుకొని కట్టుకుంటే సరిపోతదా?"

దీనికి జవాబు ఒక్క మాటలో చెప్పలేము. కొన్నిటికి సరిపోతుంది, కొన్నిటికి సరిపోదు, ఒకటి రెండు పనుల్లో అది కట్టుకోవడమే ప్రమాదం. ఈ తేడా తెలుసుకోవడం చాలా ముఖ్యం.

గుడ్డ ఏమి ఆపుతుంది?

మనం దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు కూడా నోటి నుండి తుంపరలు వెలువడతాయి. వీటిలో పెద్దవి కొద్ది దూరంలోనే కింద పడిపోతాయి. చిన్నవి గాలిలో తేలుతూ చాలాసేపు ఉంటాయి. రోగక్రిములు ఈ తుంపరలను వాహనంగా చేసుకుని ఒకరి నుండి మరొకరికి ప్రయాణం చేస్తాయి. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. కోవిడ్ వైరస్ పరిమాణం 0.1 మైక్రాన్ మాత్రమే.

బట్టలో పడుగు పోగుకూ, పేక పోగుకూ మధ్య ఉండే సందు వైరస్ కన్నా ఎన్నో వందల రెట్లు పెద్దది. మరి గుడ్డ ఎలా పనిచేస్తుంది? నోటి నుండి అప్పుడే వెలువడిన తుంపర పెద్దదిగా, తడిగా ఉంటుంది. అది గుడ్డకు తగిలి అక్కడే అంటుకుపోతుంది. ఒక పొర దాటినది రెండవ పొరలో, అది దాటినది మూడవ పొరలో చిక్కుకుంటుంది. అదే తుంపర గాలిలో ఎండి సన్నబడిన తరువాత ఎదుటివాని ముక్కు దగ్గరకు వస్తే, దానిని ఆపడం గుడ్డకు కష్టం. అందువల్ల గుడ్డ మాస్కు కట్టుకున్నవానిని కాపాడడం కన్నా, వాని దగ్గు నుండి ఎదుటివారిని కాపాడడంలో ఎక్కువ ఉపయోగపడుతుంది. ఎవరికి దగ్గు ఉన్నదో వారే మాస్కు కట్టుకోవాలి అనేది దీని నుండి తేలే మొదటి సూత్రం.

ఈ సూత్రం నిన్న మొన్నటిది కాదు. 1897లో, నేడు పోలెండ్‌లో ఉన్న బ్రెస్లా నగరంలో మికులిచ్ అనే శస్త్రవైద్యుడు ఆపరేషన్ చేసేటప్పుడు తన నోటి తుంపరలు రోగి గాయంలో పడకుండా పలుచని గాజుగుడ్డ కట్టుకున్నాడు. 1910-11లో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు చెలరేగి వేలాదిమందిని బలితీసుకున్నప్పుడు, వూ లియెన్-టె అనే వైద్యుడు గాజుగుడ్డల మధ్య దూది పెట్టి మాస్కులు తయారు చేయించాడు. మెస్నీ అనే ఫ్రెంచి వైద్యుడు మాస్కు లేకుండా రోగులను పరీక్షించి, కొద్ది రోజుల్లోనే అదే ప్లేగుతో మరణించాడు.

పరిశోధనలు ఏమి చెబుతున్నాయి?

గుడ్డ మాస్కును ఆకాశానికి ఎత్తేవారూ ఉన్నారు, వట్టి దండగ అని కొట్టిపారేసేవారూ ఉన్నారు. రెండూ సరికాదు.

వియత్నాంలోని హనోయి నగరంలో 14 ఆస్పత్రుల్లో 1607 మంది సిబ్బందిపై జరిగిన పరిశోధన 2015లో వెలువడింది. గుడ్డ మాస్కు కట్టుకున్నవారికి, ఆస్పత్రి మాస్కు కట్టుకున్నవారికన్నా ఎక్కువగా జ్వరం, దగ్గు వచ్చాయి. అక్కడ వాడిన గుడ్డ మాస్కుల గుండా పరీక్షలో దాదాపు 97 శాతం కణాలు దూసుకుపోయాయి. ఆస్పత్రి మాస్కులో అది 44 శాతం. గుడ్డ తేమను పట్టి ఉంచడం, సరిగా ఉతకకపోవడం కూడా కారణాలు కావచ్చునని ఆ పరిశోధకులు భావించారు. రోజంతా రోగుల మధ్య ఉండేవారికి గుడ్డ మాస్కు చాలదని దీనివల్ల తెలుస్తున్నది.

తరువాత బంగ్లాదేశ్‌లో 600 పల్లెల్లో పెద్ద పరిశోధన జరిగింది. ఆస్పత్రి మాస్కులు పంచి, కట్టుకొమ్మని ప్రచారం చేసిన పల్లెల్లో లక్షణాలతో కూడిన కోవిడ్ సుమారు 11 శాతం తగ్గింది. 60 ఏళ్ళు దాటినవారిలో ఇంకా ఎక్కువగా, 35 శాతం తగ్గింది. గుడ్డ మాస్కులు పంచిన పల్లెల్లో ఇంత స్పష్టమైన మేలు రుజువు కాలేదు.

కాబట్టి ఆస్పత్రి మాస్కు దొరికినప్పుడు అదే మేలు. అది లేనప్పుడు, రోజూ కొనే స్తోమత లేనప్పుడు, చక్కగా కుట్టి రోజూ ఉతికిన గుడ్డ మాస్కు ఏమీ లేనిదానికన్నా నయం. ఇక్కడ 'చక్కగా కుట్టి', 'రోజూ ఉతికిన' అనే రెండు మాటలూ ముఖ్యమే.

ఏ ముక్కలు పనికివస్తాయి?

పోచంపల్లి ఇళ్ళలో మిగిలే ముక్కలు మూడు రకాలు: నూలు, పట్టు, రెండూ కలిసిన సికో. మాస్కు లోపలి పొరకు నూలు బట్టే శ్రేష్ఠం. అది చెమటను, తేమను పీల్చుకుంటుంది. వీలైతే రంగు వేయని తెల్ల నూలు బట్ట, పాత పంచె లేక పాత దుప్పటి ముక్క లోపలికి వాడండి. రంగుల ఇక్కత్ ముక్కను బయటి పొరగా వేయండి. పట్టు, సికో ముక్కలు కూడా బయటి పొరకే. జరీ ఉన్న ముక్క వద్దు. అది చర్మాన్ని గీరుతుంది, ముఖానికి అతుక్కోదు.

కుట్టే ముందు మూడు పరీక్షలు చేయండి.

మొదటిది వెలుతురు పరీక్ష. ముక్కను దీపానికి ఎదురుగా పట్టుకోండి. పోగుల మధ్య వెలుతురు చుక్కలు చుక్కలుగా స్పష్టంగా కనిపిస్తే ఆ నేత వదులుగా ఉన్నట్లు. దట్టంగా నేసిన ముక్కను ఎంచుకోండి.

రెండవది ఊపిరి పరీక్ష. మూడు పొరలు కలిపి నోటికి ఆనించి గాలి పీల్చండి. ఊపిరి బరువుగా ఉంటే ఆ మాస్కు మీరు అరగంట కూడా ఉంచుకోరు. దట్టంగా ఉండాలి, కాని గాలి ఆడాలి.

మూడవది రంగు పరీక్ష. ముక్కను సబ్బు నీళ్ళలో నానబెట్టి తెల్లగుడ్డతో రుద్దండి. తెల్లగుడ్డకు రంగు అంటితే, రంగు దిగడం ఆగేవరకు ఉతకండి. ఎన్నిసార్లు ఉతికినా దిగుతూనే ఉంటే ఆ ముక్క మూతికి పనికిరాదు. చెమటకు దిగిన రంగు పెదవుల చుట్టూ దద్దుర్లు, దురద కలిగించవచ్చు.

ఇంకొక సంగతి నేతగాళ్ళకు చెప్పనక్కరలేదు, కాని మాస్కు విషయంలో మరచిపోతారు. పడుగుకు గంజి పెడతాము. కొత్త బట్టలో ఆ గంజి ఇంకా ఉంటుంది. గంజి పోగుల సందులను పూడ్చి ఊపిరి ఆడనివ్వదు. నోటి తేమకు నాని బూజు పట్టడానికి కూడా వీలవుతుంది. అందుచేత కొత్త ముక్కను గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, గంజి పూర్తిగా పోయేటట్లు ఉతికి, ఎండిన తరువాతనే కత్తిరించాలి. ముందే ఉతకడం వల్ల బట్ట కుంచించుకుపోయేది కూడా ముందే కుంచించుకుపోతుంది.

కుట్టే విధానం

పెద్దవారికి 9 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు గల మూడు ముక్కలు కత్తిరించండి. మూడింటినీ ఒకదానిపై ఒకటి పేర్చి, అర అంగుళం వదిలి చుట్టూ కుట్టు వేయండి. తిరగవేయడానికి ఒక మూల కొంచెం వదలండి. తిరగవేసినప్పుడు తెల్ల నూలు బట్ట ఒక వైపు, ఇక్కత్ ముక్క రెండవ వైపు రావాలి. అలా వచ్చేటట్లు ముక్కలను ముందే పేర్చుకోవాలి.

పొడవు అంచులలో పై అంచు లోపల 4 లేక 5 అంగుళాల సన్నని తీగ పెట్టి కుట్టేయండి. తీగ కొనలు వంచి ఉంచండి, లేకపోతే గుచ్చుకుంటాయి. ఈ తీగను ముక్కు మీద నొక్కితే మాస్కు అతుక్కుంటుంది.

తరువాత అడ్డంగా మూడు కుచ్చులు పెట్టండి. కుచ్చుల నోరు బయటివైపు నుండి చూసినప్పుడు కిందికి ఉండాలి. పైకి ఉంటే అందులో దుమ్ము నిలుస్తుంది. కుచ్చులు పెట్టాక పక్కల ఎత్తు సుమారు 4 అంగుళాలు ఉంటుంది. కుచ్చులు విప్పితే మాస్కు ముక్కు పైనుండి గడ్డం కింది వరకు రావాలి.

నాలుగు మూలలకూ 16 అంగుళాల నాడాలు కుట్టండి. రెండు నాడాలు చెవుల పైగా తల వెనక, రెండు మెడ వెనక కట్టుకోవాలి. చెవులకు తగిలించే ఎలాస్టిక్ తేలికే, కాని నాలుగు ఉతుకులకు సాగిపోతుంది, మాస్కు జారుతుంది.

బిగువు ఎందుకు ఇంత ముఖ్యం అంటారా? 2020లో షికాగోలో జరిగిన పరీక్షల్లో, మాస్కుకూ ముఖానికీ మధ్య సందులు ఉంటే వడపోత 60 శాతానికి పైగా తగ్గవచ్చునని తేలింది. గాలి ఎప్పుడూ సులువైన దారి వెతుక్కుంటుంది. ఎంత ఖరీదైన పట్టుతో కుట్టినా, బుగ్గల పక్క సందు ఉంటే లాభం లేదు. మాస్కు కట్టుకుని గట్టిగా ఊదండి. గాలి కళ్ళలోకి కొడితే ముక్కు దగ్గర తీగ సరిగా నొక్కలేదని అర్థం.

ఉతకడం

మనిషికి కనీసం మూడు మాస్కులు ఉండాలి. ఒకటి మూతికి, ఒకటి తీగ మీద ఎండుతూ, ఒకటి పెట్టెలో. వాడిన మాస్కును ఆ రోజే సబ్బుతో, వీలైతే వేడినీళ్ళతో ఉతకాలి. కోవిడ్ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగించి వైరస్‌ను నిర్వీర్యం చేస్తుంది. తెల్ల బట్టనైతే పది నిమిషాలు నీళ్ళలో మరిగించవచ్చు. తరువాత మంచి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. మన నల్లగొండ, పాలమూరు ఎండలకు ఈ విషయంలో లోటు లేదు. వానాకాలంలో ఆరకపోతే ఇస్త్రీ చేయండి. తడి మాస్కు ఎప్పుడూ కట్టుకోకూడదు. చెమటతో తడిస్తే వెంటనే మార్చాలి.

మాస్కు తీసేటప్పుడు ముందు భాగాన్ని చేత్తో పట్టుకోకుండా నాడాలు పట్టుకుని తీయండి. తీశాక చేతులు కడుక్కోండి. గడ్డం కిందికి దించి మళ్ళీ పైకి లాగడం, ఒకరి మాస్కు మరొకరు కట్టుకోవడం మంచిది కాదు.

మగ్గం ఉన్న ఇంట్లో దగ్గు

పోచంపల్లిలో చాలా ఇళ్ళకు మగ్గమే నడిమిల్లు. గుంట మగ్గం చుట్టూనే వంట, పడక, పిల్లల చదువు. అలాంటి ఇంట్లో ఒకరికి క్షయ వస్తే మిగిలినవారికి సోకే ప్రమాదం ఎక్కువ. క్షయ క్రిములు గల సన్నని కణాలు గాలి ఆడని గదిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి.

ఇక్కడ గుడ్డ మాస్కు రోగి కట్టుకోవలసినదే. దగ్గినప్పుడు వెలువడే తుంపరలను చాలావరకు అది ఆపుతుంది. కాని రోగికి సేవ చేసేవారు గుడ్డ మాస్కును నమ్ముకోరాదు. వారికి ఎన్-95 మాస్కు కావాలి. అంతకన్నా ముఖ్యం కిటికీలు, తలుపులు తెరచి గాలి, వెలుతురు రానివ్వడం. పగలు రోగిని వసారాలో, చెట్టు కింద కూర్చోబెట్టండి. వీటన్నిటికన్నా ముఖ్యం మందులు. సరైన మందులు క్రమంగా వాడితే సాధారణంగా కొద్ది వారాల్లోనే ఇతరులకు సోకించే శక్తి బాగా తగ్గిపోతుంది.

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, గళ్ళలో రక్తం కనిపిస్తే ప్రభుత్వ దవాఖానలో గళ్ళ పరీక్ష చేయించండి. పరీక్ష, మందులు ఉచితం. పోషకాహారం కోసం కేంద్రం 2018 నుండి రోగికి నెలకు 500 రూపాయలు ఇస్తూ వచ్చి, 2024 నవంబరు నుండి దానిని 1000 రూపాయలకు పెంచింది. దగ్గును మాస్కు చాటున దాచుకుని నెలల తరబడి మగ్గం మీద కూర్చోవడం ఇంటిల్లిపాదికీ ముప్పు.

గుడ్డ కాపాడలేని చోట్లు

రంగుల పొయ్యి దగ్గర: అద్దకంలో కాస్టిక్ సోడా, హైడ్రోస్ వాడతారు. హైడ్రోస్ నుండి ముక్కు పగిలే గంధకపు ఘాటు వస్తుంది. అది వాయువు. వాయువును పది పొరల గుడ్డ కూడా ఆపలేదు. గుడ్డ కట్టుకున్నామన్న ధైర్యంతో తొట్టి మీదికి వంగితే ఊపిరితిత్తులకు హాని. అద్దకం పని ఆరుబయట, గాలి వాలు చూసుకుని చేయాలి. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. ఉబ్బసం ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి.

పత్తి దుమ్ములో: జిన్నింగు మిల్లుల్లో, నూలు మిల్లుల్లో పనిచేసేవారికి సెలవు తరువాత పనిలోకి వెళ్ళిన మొదటి రోజు ఛాతీ పట్టేసినట్లు ఉంటుంది. సోమవారం వచ్చి, వారం గడిచే కొద్దీ తగ్గే ఈ ఆయాసాన్ని బిస్సినోసిస్ అంటారు. మొదట్లో గుర్తిస్తే తగ్గుతుంది. ఏళ్ళ తరబడి అశ్రద్ధ చేస్తే ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతింటాయి. గుడ్డ మాస్కు పెద్ద నూగును ఆపుతుంది. లోపలికి దూసుకుపోయే సన్నని దుమ్మును ఆపలేదు. దానికి ఎన్-95 రకం మాస్కు కావాలి. ఇంట్లో ఆసు పోసేచోట పొడి చీపురుతో ఊడ్వక, తడి గుడ్డతో తుడవడం మంచిది.

పురుగుమందు కొట్టేటప్పుడు: ఇది అన్నిటికన్నా ప్రమాదం. పత్తి చేలో మందు కొట్టే రైతులు తువ్వాలు ముక్కుకు చుట్టుకుంటారు. మందు తుంపర ఆ తువ్వాలును తడిపేస్తుంది. తడిసిన గుడ్డ మందును పీల్చుకుని గంటల తరబడి ముక్కుకు, పెదవులకు ఆనించి ఉంచుతుంది. విషం చర్మం ద్వారా, ఊపిరి ద్వారా కూడా లోపలికి పోతుంది. ఈ పనికి మందు ఆవిరిని ఆపే ప్రత్యేకమైన మాస్కు వాడాలి. గాలికి ఎదురుగా కొట్టరాదు. గుడ్డ తడిస్తే వెంటనే విప్పి, ముఖం సబ్బుతో కడుక్కోవాలి. నోటి వెంట చొంగ, విపరీతమైన చెమట, వాంతులు, చూపు మసకబారడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా కూడా దవాఖానకు తీసుకురండి.

తరచు అడిగే ప్రశ్నలు

పిల్లలకు కట్టవచ్చునా? అయిదేళ్ళ లోపు పిల్లలకు అవసరం లేదు. రెండేళ్ళ లోపు వారికి అసలు కట్టరాదు. ఊపిరాడకపోతే వారు చెప్పలేరు, తీసుకోలేరు. మంచాన పడి, తనంతట తాను మాస్కు తీసుకోలేని పెద్దవారికి కూడా ఇదే నియమం.

మాస్కు వల్ల ప్రాణవాయువు తగ్గుతుందా? గాలి ఆడే గుడ్డ మాస్కు వల్ల ఆరోగ్యవంతులకు అలా జరగదు. ఉక్కగా అనిపించడం వేరు, ప్రాణవాయువు తగ్గడం వేరు. అయితే ఆయాసం ఉన్నవారు వైద్యుని అడిగి వాడాలి. బరువు పనులు చేసేటప్పుడు, నిద్రలో మాస్కు వద్దు.

మాస్కు ఎన్నాళ్ళు పనికివస్తుంది? ఉతికి ఉతికి బట్ట పలచబడి, వెలుతురు పరీక్షలో చుక్కలు కనిపించడం మొదలైతే దానిని పారేయండి.

ఇంట్లో ముక్కలు ఉన్నవారు ఈ వారం మూడు మాస్కులు కుట్టి పెట్టుకోండి. ఇంట్లో ఎవరికి జలుబు, దగ్గు వచ్చినా ముందు వారి మూతికి కట్టండి. ముసలివారు, గర్భిణులు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో ఇది మరీ అవసరం. రంగు తొట్టి దగ్గరికి, పురుగుమందు పంపు దగ్గరికి మాత్రం ఆ మాస్కును నమ్ముకుని వెళ్ళకండి. మాస్కు కట్టినా రెండు వారాల్లో దగ్గు తగ్గకపోతే ఆలస్యం చేయకుండా దవాఖానకు రండి.